అన్నయ్య మీసం

మళ్ళీ ఆగిపోయింది.

మూడొందల పదో వరుస దగ్గర. మూడు రోజులుగా అక్కడే.

మెకానిక్ కళ్ళజోడు తీసి బల్ల మీద పడేశాడు. తల ప్రాణం తోకకొచ్చింది.

బల్ల మీద ఉన్నది నలభై ఏళ్ళ కిందటి ఇంటి కంప్యూటరు. పద్నాలుగేళ్ళ వయసులో తన చేత్తో టంకం పెట్టి తయారుచేసుకున్నది. పక్కనే ఆ కాలపు పత్రిక తెరిచి ఉంది. అందులో అచ్చయిన ఆట ప్రోగ్రాముని వరుస వెంట వరుస టైపు చేసి, రేపు పొద్దున్న లైబ్రరీ హాల్లో అందరి ముందూ ఆడించాలి. తనలాంటి పాత కంప్యూటర్ల పిచ్చివాళ్ళందరికీ మాటిచ్చాడు.

"బాబూ, ఈ టేపు రికార్డరు బాగవుతుందా?"

గుమ్మంలో డెబ్బై దాటిన ఆవిడ. చేతిలో గుడ్డ సంచి.

విప్పి చూశాడు. "బెల్టు సాగిపోయిందమ్మా. ఇలాంటివి ఇప్పుడు దొరకవు."

"సరేలే. కాసేపు కూర్చోనా? ఐదింటి బస్సుకి మా అక్కయ్య దగ్గరికి వెళ్ళిపోతున్నా. ఇల్లు కూడా ఖాళీ చేసేశాను, ఇక అక్కడే."

"కూర్చోండి" అన్నాడు తలెత్తకుండానే.

ఆవిడ చూపు గోడకి ఆనించిన పటం మీద పడింది. మందపాటి కళ్ళజోడు, బుర్ర మీసాలు.

"ఎవరు బాబూ?"

"మా గురువుగారమ్మా. ఈ పత్రికలో 'అన్నయ్యని అడగండి' అని ఒక శీర్షిక ఉండేది. ఆయనే. ఈ ఆట రాసిందీ ఆయనే."

"ఇంత మీసమా!"

"ఆయన్ని ఎవరూ చూడలేదు. ఊహించి వేయించాం."

అన్నయ్య మాటెత్తితే చాలు, ఎంత నీరసంలోనూ మెకానిక్ నోరు ఆగదు.

"చిన్నప్పుడు చిప్పు తిరగేసి పెట్టి కాల్చేశానమ్మా. ఆ డబ్బా అవతల పారేసి కొట్లో పొట్లాలు కట్టమన్నాడు మా నాన్న. అన్నయ్యకి ఉత్తరం రాస్తే నాలుగు పేజీల జవాబు వచ్చింది, దాంతో పాటు కొత్త చిప్పు! ఇవాళ ఈ షాపుందంటే ఆ ఉత్తరం చలవే. రెండేళ్ళుగా వెతుకుతున్నాం. రేపు ఆయన కోసం మొదటి వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతున్నాం. ఒక్కసారి కాళ్ళకి దండం పెట్టుకుంటే చాలు నాకు."

"ఎదురుపడితే గుర్తుపడతావా?"

"వందమందిలో ఉన్నా పడతాను. ఆ చేతిరాత నాకు కంఠతా వచ్చు."

ఆవిడ చిన్నగా నవ్వింది. లేచి వచ్చి తెర వైపు తొంగి చూసింది.

"ఎక్కడ ఆగుతోంది?"

విసుగొచ్చినా చెప్పాడు. అన్నయ్య ప్రతి వరుస చివరా రెండంకెల సంఖ్య వేసేవాడు. దాన్ని 'సాక్షి' అనేవాళ్ళు. వరుస టైపు చేయగానే మిషను కూడా లెక్కకట్టి ఒక సంఖ్య చూపిస్తుంది. రెండూ కలిస్తే టైపు సరిగ్గా ఉన్నట్టు.

"ఈ ఒక్క వరుసకే పత్రికలో నలభై ఏడుంది, నాకు యాభై రెండొస్తోంది. వరుస మాత్రం ఉన్నదున్నట్టు కొట్టాను. సాక్షి తప్పు పడుంటుంది లెండి. ఆగిపోవడం మిషను లోపమే. చిప్పులు మార్చి మార్చి నా పని అయిపోయింది."

"సాక్షి సరైనదేనేమో బాబూ. వరుసే తప్పేమో."

మెకానిక్ చివ్వున తలెత్తాడు. "అన్నయ్య రాసిన వరుస తప్పా?"

"మనిషే కదా. ఇంట్లో చంటిపిల్ల ఏడుస్తుంటే రాశారేమో."

"అమ్మా, తాతకి దగ్గులు నేర్పకండి! ఇవి మీకు తెలిసే విషయాలు కావు."

ఆవిడ రసీదు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, నిలబడే ఏదో రాసి, టీ గ్లాసు కింద పెట్టింది.

"కుదిరితే చూడు బాబూ. వస్తాను."

అతను ఊఁ కొట్టాడు. అంతే.

ఐదున్నరయింది. మిగిలిన ఆఖరి చిప్పు కూడా మార్చాడు. మళ్ళీ మూడొందల పది. ఇక రేపు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చల్లారిన టీ కోసం చెయ్యి చాపితే గ్లాసుకి అంటుకుని కాగితం పైకొచ్చింది.

దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో, అంకెల్లో అదే వరుస. పత్రికలో తొమ్మిది ఉన్నచోట నాలుగు.

పోయేదేముందని టైపు చేశాడు.

నలభై ఏడు.

తెర మీద ఆట మొదలైంది. చుక్కలు కిందికి రాలుతున్నాయి, చిన్న పడవ అటూ ఇటూ జరిగి వాటిని పట్టుకుంటోంది. మెకానిక్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

కాగితం చేత్తో పట్టుకుని వీధి చివరి బస్టాపు దాకా పరిగెత్తాడు. అక్కడ ఎవరూ లేరు. ఆవిడ పేరడగలేదు, ఊరడగలేదు. బాగవదన్న వస్తువుకి రసీదెందుకని అదీ రాయలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం!

ఆ పత్రికాఫీసులో టైపిస్టేమో, కనీసం అన్నయ్య చిరునామా అయినా అడగాల్సింది అనుకుంటూ, కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయి వెనక్కి తిప్పాడు.

వెనక వైపు, నలభై ఏళ్ళుగా తనకి కంఠతా వచ్చిన ఆ గుండ్రటి రాతలో ఉంది: "తప్పు నాదే, సాక్షిది కాదు. కుర్చీలో ఎవరినైనా కూర్చోబెట్టు, ఆ మీసం మాత్రం తీయించు - అన్నయ్య."