ఎస్తేరు మరిచిపోయిన చరణం

భీమిలి బీచ్‌లో ‘ఉప్పుగాలి’ రాక్ బృందం తొలి కచేరీ. పాడుతున్న ఎస్తేరు చరణం మరిచిపోయి, మైకులోనే పకపకా నవ్వేసింది. ఆ చరణాన్ని జనమే అందుకుని పాడారు. బృందానికి పేరొచ్చింది ఆ నవ్వుతోనే. భర్త దైవసహాయం మాత్రం ఆమె బతికినన్నాళ్లూ ఆ మరుపును ఎత్తిపొడుస్తూనే వచ్చాడు.

ఆమె పోయి ఏడాదైన రోజున కూతురు కెజియా వంటింటి గోడలోని స్పీకరుకు చెప్పి ఆ కచేరీ రికార్డింగు పెట్టించింది. ఎస్తేరు గొంతు ఎక్కడా తడబడకుండా చరణమంతా పాడేసింది.

“నవ్వు ఏదే?” అన్నాడు దైవసహాయం.

“ఏఐతో అమ్మ గొంతులోనే దిద్దించేశాను నాన్నా. ఇకమీదట అమ్మనెవరూ ఎత్తిపొడవరు.”

“పాతది పెట్టు.”

“అందరూ వినేది ఆ ఒక్క రికార్డింగే. ఒకసారి దిద్దితే అందరిళ్లలోనూ మారిపోద్ది కదా. పాతది ఎక్కడా ఉండదు.”

“మీ అమ్మ ఎలా నవ్విందో తెలుసా?” అంటూ నవ్వి చూపించబోయాడు. వచ్చింది తన నవ్వే, ఆమెది కాదు. ఇన్నేళ్లూ ఎత్తిపొడవడమే గానీ, ఆ నవ్వును ఒక్కసారైనా మనసుపెట్టి విననేలేదు.