నీటికింది రాజ్యం

బక్కెట్టెడు నీళ్ళు తెచ్చి బండ మీద కుమ్మరించాడు వీరరాఘవయ్య.

బొగ్గుముక్కతో గీసిన కోటలూ, బాటలూ, రేవులూ నల్లనీళ్ళై కారిపోయాయి. గవ్వలు చెల్లాచెదురయ్యాయి.

“మళ్ళీ నీళ్ళేనా బాబూ?” అన్నాడు ముసలాయన.

“నీళ్ళు కాక పన్నీరు చల్లమంటావా? అసలే ఎమర్జెన్సీ రోజులు. గవ్వలాట చూస్తే పోలీసులు నిన్నొదిలి నన్ను పట్టుకుపోతారు!”

జగ్గయ్యపేట అవతల, సున్నపురాయి క్వారీ దగ్గర వీరరాఘవయ్యది టీహోటలు. నెల్లాళ్ళుగా మధ్యాహ్నమైతే చాలు, కూలీలంతా ఈ ఊరూపేరూ తెలియని ముసలాయన చుట్టూ మూగుతున్నారు. నీటికింది రాజ్యమట! తలా ఒక మనిషిని కోరుకుని గవ్వలు వెయ్యాలట. “మొసలి అడ్డొచ్చింది. పడవ వదిలేస్తావా, తెడ్డు తీస్తావా?” అని ఈయన అడుగుతాడట. చోద్యం కాకపోతే!

“పందెం లేదండి, ఉత్త కథేనండి,” అంది రాళ్ళు కొట్టే దేవమణి. “నా రాణి ఆఖరి రేవు దాటబోతుందండి. ఈ ఒక్కసారికి ఆడనియ్యండి.”

“రాణీ లేదు, గీణీ లేదు. పనిలోకి పొండి!”

ముసలాయన గవ్వలేరుకున్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, నందిగామ బస్సెక్కి వెళ్ళిపోయాడు.

పీడ విరగడైందనుకున్నాడు వీరరాఘవయ్య.

ఇంటికెళ్తే తల్లి సీతారావమ్మ రోజూ అడిగేదే అడిగింది.

“అక్క కబురేమన్నా తెలిసిందిరా?”

అదొక్కటే అతని గుండెలో ముల్లు. అక్కనిచ్చిన ఊరు ఆనకట్ట నీళ్ళలో మునిగి పన్నెండేళ్ళు. జనం చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. అక్క ఏ మూలుందో, అసలుందో లేదో!

“అడగనివాడు లేడమ్మా. తాసిల్దారుగారినడిగా, ఇంజినీర్లనడిగా, లారీల ఓనర్లనడిగా.”

“కళ్ళు మూసేలోపు ఒక్కసారి చూపించరా,” అంది తల్లి.

మర్నాడు దేవమణి టీకొచ్చి దిగులుగా నిలబడింది.

“ఏం దేవమణీ, రాజ్యం పోయిందనా?”

“మీకు నవ్వులాటేనండి. పాపం, మా ఆరువేళ్ళ సుబ్బమ్మ ఎక్కడ తేలిందో తెలియకుండానే పోయె.”

వీరరాఘవయ్య చేతిలో గ్లాసు ఆగిపోయింది.

“ఆరువేళ్ళా? ఏ చేతికి?”

“ఎడం చేతికండి. సున్నుండలు చేస్తే వీధంతా పంచేదంట. రాణి అని మేమే పేరు పెట్టుకున్నామండి. ఆ మనుషులంతా నిజం మనుషులే. ఆఖరి రేవు దాటితే, ఇప్పుడు ఏ ఊళ్ళో ఉంటున్నారో చెప్తాడు తాత. వాళ్ళ తాలూకు వాళ్ళెవరన్నా వింటారేమోనని ఊరూరా తిరుగుతున్నాడు.”

“ఈ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదు?” అన్నాడు. అక్క పేరూ సుబ్బమ్మే, ఎడం చేతికి ఆరువేళ్ళే.

“మీరు మమ్మల్నెప్పుడడిగారండి?”

పరుగున నందిగామ వెళ్ళాడు. ఈసారి రిక్షావాళ్ళనడిగాడు, మూటలు మోసేవాళ్ళనడిగాడు. మూడోనాడు బస్టాండులో బఠాణీలమ్మే ఆదెమ్మ కాళ్ళ దగ్గర గవ్వలు కనబడ్డాయి.

“ఈ గవ్వలాయన ఏడమ్మా?”

“మొన్న తెల్లారేసరికి ఈ అరుగు మీదే పోయాడయ్యా,” అంది ఆదెమ్మ. “మునిగిన ఊరి కరణమంట. ఏ గడప ఎటు పోయిందో రాసుకున్న కాయితాలు నీళ్ళపాలైతే, నూటపద్నాలుగు గడపలూ మరిచిపోకుండా రోజూ గీసుకునేవాడంట.”