లైబ్రరీకి దారెటు?

ఇలా రండర్రా, నా పక్కకి జరగండి. ఫ్యాను చప్పుడులో వినబడదు, ఇంకాస్త దగ్గరికి. కొత్తగా కాలేజీలో చేరబోయే పిల్ల ఉందే, దాన్ని ముందు కూర్చోబెట్టండి. దానికోసమే చెబుతున్నాను.

“ఏయ్, ఆగు! లైబ్రరీ ఎక్కడని పోయిన వారమే నన్నడిగావుగా?”

సిమెంటు బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న కళ్ళజోడు పిల్ల అంత గట్టిగా అనేసరికి, దారి అడిగిన పిల్ల ఉలిక్కిపడింది. పోయిన వారం ఈ మనిషికి కళ్ళజోడు లేదు, జుట్టు విరబోసుకుని ఉంది. ఇవాళ జడ వేసుకుంది. పోల్చుకోలేక మళ్ళీ అదే మనిషి దగ్గరికి వెళ్ళి, అదే నవ్వు నవ్వి, అదే మాట అడిగింది.

“అదీ... మర్చిపోయానండీ. ఇక్కడ బిల్డింగులన్నీ ఒకేలా ఉంటాయి కదా...”

“సైకిల్ అబ్బాయికీ ఇదే చెప్పావట. గొడుగు అమ్మాయికీ ఇదే చెప్పావట.”

ఆ పిల్ల ఒకడుగు వెనక్కి వేసింది. వాళ్ళ సంగతి ఈమెకెలా తెలిసింది?

ఈ పిల్లది వేరే రాష్ట్రం. చేరిందేమో ఊరంత యూనివర్సిటీలో. క్లాసులో నోరు విప్పితే చాలు, ఆ యాస విని ముందు బెంచీలన్నీ వెనక్కి తిరిగి చూసేవి. మెస్సులో కంచం పట్టుకుని ఏ బల్ల దగ్గరికి వెళ్ళినా “ఇక్కడ మావాళ్ళొస్తారు” అనేవారు. కానీ దారి అడిగితే మాత్రం ఎవరైనా పలికేవారు. అందుకని ఒంటరిగా కనబడ్డవాళ్ళని చూసుకుని “లైబ్రరీకి దారెటండీ?” అనడం మొదలుపెట్టింది. అందరూ లేచి వెంట వచ్చేవారు. నడిచినంతసేపూ కబుర్లే కబుర్లు. మెట్లు రాగానే “థాంక్సండీ, వస్తాను” అని లోపలికి పోయి, పుస్తకం తెరుచుకుని కళ్ళు తుడుచుకునేది. రేపు మళ్ళీ కలుద్దామా అని అడగడానికి నోరు పెగలదు. పోనీ ఆ నటించడమైనా సరిగ్గా చేతనవునా? పక్కవాళ్ళు మలుపు దగ్గర కాస్త నెమ్మదిస్తే చాలు, తనే అడుగు ముందుకేసి తిరిగిపోయేది!

నిన్న ఫోనులో వాళ్ళమ్మతో అనేసింది కూడా: “నావల్ల కాదమ్మా. పెట్టె సర్దేశాను. రేపొక్కరోజు చూసి, ఎల్లుండి పొద్దున బండెక్కేస్తా.”

ఆ ఒక్కరోజు ఇదే.

కళ్ళజోడు పిల్ల లేచి చెయ్యి పట్టుకుంది. “పద.”

“ఎక్కడికండీ?”

“ఎక్కడికేమిటి? లైబ్రరీకి. నువ్వడిగిందేగా!”

పట్టిన చెయ్యి వదలకుండా లాక్కుపోతోంది. ఆఫీసులో చెప్పేశారా? అందరి ముందూ నిలబెడతారా? లైబ్రరీ మెట్ల దాకా వచ్చి, పక్కనున్న లావుపాటి స్తంభం వెనక్కి తిరిగారో లేదో, ఆ పిల్ల ఠక్కున ఆగిపోయింది.

సైకిల్ అబ్బాయి. గొడుగు అమ్మాయి. చేతికి కట్టు కట్టుకున్న అబ్బాయి. బొంగురు గొంతు అమ్మాయి. తను అబద్ధం చెప్పిన ముఖాలన్నీ ఒక్కచోట, ఒకే బిస్కెట్ ప్యాకెట్ చుట్టూ కూర్చుని ఉన్నాయి!

“దొరికిందర్రా తప్పిపోయిన పిల్ల!” అంది కళ్ళజోడు.

“నిన్ను మళ్ళీ చూద్దామని మర్నాడు ఇక్కడికొచ్చాను,” అంది గొడుగు అమ్మాయి. “వస్తే ఈ కట్టు మహానుభావుడూ నీకోసమే నిలబడి ఉన్నాడు. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. నువ్వేమో రోజుకో కొత్త మనిషిని వెంటేసుకుని, మా ముందు నుంచే తల దించుకుని లోపలికి పోతావు!”

“నాకైతే ఒళ్ళు మండింది. నన్నొక్కడినే అడిగిందనుకున్నా,” అన్నాడు కట్టు అబ్బాయి.

“నీకంత సీను లేదులే,” అంది బొంగురు గొంతు.

సైకిల్ అబ్బాయి మాత్రం నవ్వలేదు. లేచి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. “ఒక్కటి చెప్పు. అబద్ధమాడకు. నీకు దారి తెలుసా, తెలియదా?”

ఇంక దాచి ప్రయోజనం ఏముంది? ఆ పిల్లకి కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి.

“తెలుసు. వచ్చిన రోజు నుంచీ తెలుసు. మాట్లాడే మనిషి లేక అడిగాను. తప్పయిపోయింది. పెట్టె కూడా సర్దేశాను. రేపు పొద్దున మా ఊరెళ్ళిపోతా, మిమ్మల్నెవర్నీ ఇంక విసిగించను.”

తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉన్నాయి, చేతుల్లో బిస్కెట్లు చేతుల్లోనే ఉండిపోయాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కళ్ళజోడు పిల్ల అలాగే మెట్టు మీద కూలబడిపోయింది.

ఇదిగో, ఇది బాగా గుర్తుపెట్టుకోండర్రా. రేపు మీరు ఇంకొకరికి చెప్పేటప్పుడు బిస్కెట్లు పోయి బఠాణీలొచ్చినా ఫర్వాలేదు గానీ, అప్పుడు సైకిల్ అబ్బాయి తల పట్టుకుని అన్న మాట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి:

“నీకు తెలుసా! ముందా పెట్టె విప్పేయ్ తల్లీ. మాదీ ఈ రాష్ట్రం కాదు. లైబ్రరీ ఎటుందో ఆ రోజు మాలో ఒక్కరికీ తెలియదు. ఎవరో ఒకరు పలకరించారు కదా అని లేచొచ్చి, నువ్వెటు తిరిగితే అటు తిరిగాం!”