బావిలో నాచు

"ఏయ్! ఎవరయ్యా నువ్వు? మా బావిల ఏం జేస్తున్నవ్?"

యజమాని జనార్దన్ అరుపుకు కార్ఖానాలో పని ఆగిపోయింది.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో సైకిల్ హ్యాండిళ్లకు రాగి పూసి, ఆపైన నికెల్ పాలిష్ వేసే కార్ఖానా అది. పందొమ్మిది వందల అరవై ఏడు ఎండలకు నల్లా బంద్ అయింది. నెల రోజులుగా అందరూ పెరటి బావి నీళ్లే తాగుతున్నారు.

బావి రాళ్ల మీది నాచును చెంచాతో గీకి సీసాలో వేసుకుంటున్న మనిషి తలెత్తాడు. యాభై దాటిన వాడు.

"నా పేరు వరప్రసాదండి. ఈ నీళ్లు తాగకండి."

"మున్సిపాలిటోనివా? కార్ఖానా బంద్ చేయించనీకి వచ్చినవా?"

"కాదండీ. ఈ నాచు యాసిడ్ నీళ్లలోనూ బతుకుతుంది. యాసిడ్‌ని లోపలికి రానివ్వదు, రాగిని పైపొరలోనే పట్టి ఉంచుకుంటుంది. మిగతా నాచంతా చచ్చి ఇదొక్కటే మిగిలిందంటే, మీ పాలిష్ తొట్ల యాసిడ్ నీళ్లు బావిలోకి దిగుతున్నట్టే."

"నాచు బతుకుతుంటే మనుషులు బతకరా?"

"మనిషికి ఆ పొర లేదండీ!" వరప్రసాద్ గొంతూ లేచింది. "తొట్టి దగ్గరున్న ఆయన కళ్లు చూశారా? పచ్చబడ్డాయి!"

"నా తమ్మునికి శాపం పెడ్తవా?"

జనార్దన్ అతన్ని మెడ పట్టి గల్లీలోకి గెంటాడు. సీసాను బండకేసి కొట్టాడు.

మర్నాడు వరప్రసాద్ మళ్లీ వచ్చాడు. ఈసారి చెంప పగిలింది.

"కొట్టండి. నీళ్లు మాత్రం మానెయ్యండి. అబిడ్స్ కాలేజీ ల్యాబ్‌లో ఉంటాను" అంటూ కింద పడ్డ కళ్లద్దాలు ఏరుకుని వెళ్లిపోయాడు.

పంతం కొద్దీ జనార్దన్ అందరి ముందూ రెండు గ్లాసుల బావి నీళ్లు తాగాడు.

ఇరవై రోజులకు తమ్ముడు బాలకిషన్ వాంతులతో తొట్టి పక్కనే కూలిపోయాడు.

దవాఖానలో డాక్టర్ మండిపడ్డాడు.

"ఏ విషమో తెల్వకుండ ఏం మందియ్యాలె? పరీక్షకు వారం పడ్తది. గన్ని రోజులు ఆగుతడా నీ తమ్ముడు?"

జనార్దన్ అబిడ్స్ దాకా పరుగెత్తాడు. ల్యాబ్‌లో విమల అనే ఆవిడ కార్ఖానా అడ్రసు అడిగి, బీరువాలోంచి ఒక కాగితం తీసింది.

"మీ బావిదే. నాచు నిండ రాగి. పగిలిన సీసా పెంకుల్లకెల్లి ఏరి తెచ్చిండు."

ఆ కాగితం చూసి డాక్టర్ మందు మొదలుపెట్టాడు. ఐదో రోజుకు బాలకిషన్ లేచి కూర్చున్నాడు.

ఆరో రోజు జనార్దన్ మళ్లీ ల్యాబ్‌కు వచ్చాడు. తన చెంప తనే పగలగొట్టుకోవాలన్నంత కోపంగా ఉంది.

"సారు కాళ్లు పట్టుకోవాలె. ఇల్లు ఎక్కడమ్మా?"

"సారు కాదన్నా. గీడ సీసాలు కడుగుతుండె. మమ్మల్ని అడిగి అడిగి నాచు సంగతి నేర్చుకున్నడు. నిన్న పొద్దున పోయిండు."

"నా దెబ్బకా?" అన్నాడు జనార్దన్.

"కాదు. ఆయన లివర్ ఎప్పుడో పాడైంది."

విమల అతనికి కుర్చీ చూపించింది.

"చాదర్‌ఘాట్‌ల ఆయనదీ పాలిష్ కార్ఖానానే అన్నా, గాడి బావి నీళ్లు తాగి ముగ్గురు పనోళ్లు పోయిన నాడు తాళమేసి గీడికొచ్చిండు."