పొద్దుటి జావ

చర్చి గంట కొట్టేలోపు అమ్మకు నిజం చెప్పెయ్యాలి. చెబితే అమ్మ గుండె పగులుతుంది. చెప్పకపోతే యేసయ్య మామ ప్రాణం మీదికొస్తుంది. లిల్లీకి ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

పక్క గదిలో తల్లి సుసన్న తెల్లచీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. ఇవాళ ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం. మందు గోలీలు మానేసి, ఒట్టి ప్రార్థనతో షుగర్ తగ్గించుకున్నానని ఆమె చర్చిలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పబోతోంది.

అది నిజం కాదని లిల్లీ ఒక్కదానికే తెలుసు.

లిల్లీ బీఎస్సీ చదివింది. బొగ్గుబావిలో పనిచేసే తండ్రి పోయాక, ఆయన ఉద్యోగానికి బదులుగా బొగ్గు కంపెనీ ఆఫీసులో క్లర్కుగా చేరింది. కారణం లేకుండా ఏదీ జరగదని ఆమె నమ్మకం. దేవుడికీ ఆమెకూ పెద్దగా మాటల్లేవు.

ఈస్టరుకు ముందు నలభై శ్రమల దినాలు మొదలైన రోజున సుసన్న గోలీల డబ్బా తీసి బీరువా మీద పడేసింది.

"ఇగ నా దేవుడే నా డాక్టరు."

"అమ్మా, షుగర్‌కు నీ దేవుడెవరో తెల్వదు."

"మరి ఆ షుగర్‌ను పుట్టించిందెవరే?"

లిల్లీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా సుసన్న వినలేదు. చివరికి రాజీ కుదిరింది. గోలీలు వేసుకోదు సరే, ఏటా ఈ దినాల్లో ఉండే ఉపవాసం మాత్రం ఈసారి ఉండకూడదు. లిల్లీ కాచిచ్చిన రాగిజావ రోజూ పొద్దున్నే తాగాలి. అమ్మ అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని లిల్లీ అనుకోలేదు.

ఆ జావలోనే రోజూ గోలీ పొడి చేసి కలిపింది. పాము చావాలి, కర్ర విరగకూడదు కదా! సుసన్న గ్లాసు పట్టుకుని, ప్రార్థన చేసుకుని తాగుతానని పెరట్లోకి పోయేది. లిల్లీ డ్యూటీకి బయల్దేరేసరికి గ్లాసు కడిగి బోర్లించి ఉండేది.

మొన్న రక్తపరీక్ష చేయిస్తే షుగర్ బాగా దిగింది. అమ్మ ఒళ్లు కూడా కాస్త తగ్గింది.

"చూసినవా నా దేవుని పని!" అని సుసన్న కళ్లు తుడుచుకుంది.

లిల్లీ లోపల్లోపల నవ్వుకుంది. తర్వాత ఆ నవ్వే ముల్లులా గుచ్చుకుంది. కన్నతల్లిని రోజూ చేతులారా మోసం చెయ్యడం, పైగా నవ్వడం! అయినా ఇవాళ పొద్దున కూడా కలిపింది. అలవాటైపోయింది.

అమ్మ కుదుటపడిందనుకుంటే, ఇంట్లో అంట్లు తోమే పూలమ్మ కొత్త దిగులు పట్టుకొచ్చింది. జ్వరమంటే ఎరగని మనిషి. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి ఉన్నట్టుండి చెమటలు పట్టి, కాళ్లు వణికి కూలబడుతోంది.

"పొద్దుగాల ఏమన్న కడుపుల ఏస్కో పూలవ్వా," అని లిల్లీ కోప్పడేది.

"ఏస్కుంటనే ఉన్న బిడ్డా," అనేది పూలమ్మ.

లిల్లీకి నిద్ర లేకుండా చేసింది మాత్రం యేసయ్య మామ. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకూ షుగరే. నిన్న సాయంత్రం వచ్చి కూర్చున్నాడు.

"చెల్లె, రేపు నీ సాక్ష్యం ఇనంగనే నేను గూడ గోలీలు బంద్ చేస్త. నీకు చేసిన దేవుడు నాకు చెయ్యడా?"

లిల్లీ రాత్రంతా అదే ఆలోచించింది. ఆయన జావలో గోలీ కలిపేవాళ్లెవరు?

సుసన్న ఈతమట్ట చేత పట్టుకుని గదిలోంచి బయటికొచ్చింది.

"నడువు, జల్ది పోదాం. ప్రార్థన కాంగనే అట్నుంచటే దవాఖానకు పోవాలె. పూలమ్మకు ఇంక తెలివి రాలేదట."

ఇందాకే పూలమ్మ పెరట్లో నీళ్ల నల్లా దగ్గర పడిపోతే, పక్క క్వార్టర్లవాళ్లు ఆటోలో తీసుకుపోయారు. సగం తోమిన గిన్నెలు అక్కడే ఉన్నాయి.

"అమ్మా, ఒక్కమాట. కూసో."

"గంట కొడ్తరే."

"నీకు తగ్గింది ప్రార్థనకు కాదు. నేనిచ్చే జావల రోజు షుగర్ గోలీ కలిపిన. నీకు చెప్పకుండ."

సుసన్న చేతిలోని మట్ట జారిపోయింది. ముఖం పాలిపోయింది. లిల్లీ భయపడ్డంతా అయింది. అమ్మ ఇన్నేళ్ల విశ్వాసాన్ని ఒక్కమాటతో కూల్చేసింది. ఏడుస్తూ తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది.

"తప్పయిందమ్మా. నీ దేవున్ని అబద్ధం చేసిన. నువ్వు మంచిగుండాలెనని..."

సుసన్న వినడం లేదు. తలుపులోంచి పెరట్లోని నల్లా వైపే చూస్తోంది.

"నీకు తెల్వకుండ నేను ఉపవాసమే ఉన్న బిడ్డా, ఆ జావ రోజు పూలమ్మకే పోసిన."