అమ్రు కర్మ

"జైదు అమ్రును కొట్టెను" అని మా అరబ్బీ పంతులు షేక్ గారు నల్లబల్ల మీద రాశారు. వెంటనే వెనక బెంచీలోంచి మిద్హత్, ముందు కూర్చున్న అమ్రు వీపు మీద ఒక్కటి చరిచాడు. తరగతంతా కిసుక్కుమంది.

ఈజిప్టును ఖెదీవులు ఏలే కాలంలో కైరోలో ఏ బడికి వెళ్లినా వ్యాకరణం ఈ వాక్యంతోనే మొదలయ్యేది. ఆ దెబ్బలు తినే పేరున్న కుర్రాడు మా తరగతిలోనే ఉండడం మాకు రోజూ పండగ.

అమ్రు లేచి నిలబడ్డాడు.

"షేక్ గారూ, అసలు నేనేం చేశానండీ?"

"ఏం చెయ్యలేదు నాయనా. కొట్టేవాడు కర్త, తినేవాడు కర్మ. నీ కర్మ అలా ఉంది."

"ఒక్కరోజు నన్ను కర్తను చెయ్యండి. జైదు ఎటూ ఈ బడిలో లేడు. వాడికి నొప్పి తెలీదు."

ఇక బెత్తం లేస్తుందనుకున్నాం. షేక్ గారు తలపాగా సర్దుకుని, పేర్లు రెండూ చెరిపి, తారుమారు చేసి రాశారు: "అమ్రు జైదును కొట్టెను."

"ఇప్పుడు సరేనా?"

"సరేనండీ" అన్నాడు అమ్రు. మిద్హత్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

అంతలో అటుగా వెళ్తున్న హెడ్మాస్టరు గుమ్మంలో ఆగి నల్లబల్ల చూశారు.

"ఇదేం వింతండీ, షేక్ అమ్రు గారూ? జైదు కదా కొట్టాలి?"

మేమంతా ఒక్కసారి షేక్ గారి వైపు తిరిగాం. మాకు ఆయన పేరు తెలియడం అదే మొదలు.

"నా చిన్నప్పట్నుంచీ వాడే కొడుతున్నాడండీ" అన్నారు షేక్ గారు, చెయ్యి వెనక్కి పోనిచ్చి వీపు తడుముకుంటూ. "పాపం, వాడికీ చేతులు నొప్పెట్టి ఉంటాయి."