బిగువు

“పెళ్లి ఎందుకు ఆపేయమన్నావో ఆ కారణం డాక్టరుగారికి చెప్పు,” అంటూ అన్న తమ్ముణ్ణి గదిలోకి నెట్టినంత పని చేశాడు.

ఇరవయ్యారేళ్ల తమ్ముడు కరెంటు స్తంభాలెక్కి తీగలు సరిచేసే మనిషి. ఇక్కడ మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఎవరికీ చెప్పుకోని బాధను అన్న ఎలా పసిగట్టాడో అతనికి అంతుపట్టలేదు. “ఒంటేలుకెళ్తే మంటా?” అని నిన్న సూటిగా అడిగేశాడు.

పరదా వెనక పరీక్ష చేసి, డాక్టరు చేతులు కడుక్కున్నాడు.

“అంగం మీది ముందుచర్మం బిగుతుగా ఉంది, అంతే. రెండుపూటలా ఈ పూతమందు రాయి. వేణ్ణీళ్ల స్నానమయ్యాక నొప్పి పుట్టనంతవరకే మెల్లగా వెనక్కి జరుపు. మళ్లీ ముందుకు తెచ్చెయ్యాలి, మరిచిపోకు. బలవంతం చేశావో, చిట్లి ఇంకా బిగుసుకుంటుంది. ఒకట్రెండు నెలల్లో చాలామందికి నయమైపోతుంది. లొంగకపోతే చిన్న ఆపరేషన్.”

“నేను... సంసారానికి పనికొస్తానాండీ?”

“నిక్షేపంగా!”

తమ్ముడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. అన్న మొహం మాత్రం పాలిపోయింది.

“ఎప్పుడో వచ్చుంటే?” అడిగాడు అన్న.

“అప్పుడైనా ఇదే మందు.”

“ఇంతేనా...” అని గొణుక్కుంటూ అన్న లేచాడు.

రోడ్డు మీద తమ్ముడి నోటికి పట్టపగ్గాల్లేవు.

“అన్నా, పెళ్లికి వదినను కూడా పిలుద్దామా?”

“వద్దురా. ఆమెకిప్పుడు వేరే ఇల్లు, పిల్లలు. చల్లగా ఉండనీ.”

వదిన కాపురానికొచ్చి ఏడాది తిరక్కుండానే వెళ్లిపోయింది. అన్న వరండాలో పడుకునేవాడు. ఆమె గదిలో ఒంటరిగా ఏడ్చేది. రాతిమనిషని బంధువులంతా అతన్ని దుమ్మెత్తిపోశారు. అతను అన్నీ పడ్డాడు. కానీ అమ్మ ఎప్పుడైనా కోడల్ని ఆడిపోసుకుంటే, “ఆ పిల్లనేమీ అనకు,” అని కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. మళ్లీ పెళ్లి మాటెత్తితే రెండ్రోజులు ఇంటికే వచ్చేవాడు కాదు.

మందుల షాపతను చీటీ చూసి ట్యూబు తీసి బల్ల మీద పెట్టాడు. అన్న దాన్ని తమ్ముడి జేబులో పెట్టి, “సిగ్గుపడి మానేశావంటే ఊరుకోను,” అన్నాడు. అతను అక్కణ్ణించి కదల్లేదు.

“ఇంకేమన్నా కావాలాండీ?” అన్నాడు షాపతను.

“అదే ఇంకోటి... నాకు.”